భారతి దగ్గర కొలిచిన మంచు డేటా ఎక్కడ పెట్టాలి, ఎలా పంచాలి?

ప్రశ్న: నాది పీహెచ్‌డీ మూడో ఏడు. మా గైడ్ గారు రెండు అంటార్కిటికా యాత్రల్లో అక్కడున్న మన పరిశోధన కేంద్రం భారతి దగ్గర సముద్రపు మంచు మీద తీసిన కొలతలు నాకిచ్చారు. మంచు మందం, పైన పేరుకున్న స్నో లోతు, లవణీయత (శాలినిటీ), ఉష్ణోగ్రత ఉన్నాయి. మొత్తం 17 ఎక్సెల్ ఫైళ్లు. పేపర్ పంపితే జర్నల్ వాళ్లు డేటాకి డీఓఐ (శాశ్వత గుర్తింపు సంఖ్య) అడిగారు. గూగుల్ డ్రైవ్ లింకు ఇస్తే చాలదా? అందరికీ తెరిచిపెడితే మాకన్నా ముందే ఎవరైనా పేపర్ వేసుకోరా? ఇంకొకటి. ఉపగ్రహ డేటాతో పోల్చి చూస్తే మా చోట మంచు 101.6 శాతం అని వస్తోంది. వంద దాటడమేంటి?

జవాబు:

వంద దాటిన సంగతి ముందు తేల్చేద్దాం. మిగతా రెండు ప్రశ్నల జవాబూ దాంట్లోనే దొరుకుతుంది.

మీరు వాడింది ఎన్‌ఎస్‌ఐడీసీ వాళ్ల 25 కిలోమీటర్ల గ్రిడ్ ఫైలే అయ్యుండాలి. అమెరికాలో కొలరాడో విశ్వవిద్యాలయం, బౌల్డర్‌లో ఉన్న మంచు డేటా కేంద్రం అది. ఆ డేటాలో ఒక్కో గడికి ఒక్క బైటే కేటాయించారు. బైటులో 0 నుంచి 255 దాకానే పడుతుంది. అందులో 0 నుంచి 250 వరకు మంచు శాతానిది. 250 అంటే గడి నిండా మంచు, 125 అంటే సగం. మిగిలిన అంకెలకు వేరే పనులు అప్పజెప్పారు. ఉత్తర ధ్రువం చుట్టూ ఉపగ్రహానికి కనపడని గుండ్రటి ఖాళీకి 251, తీరరేఖకి 253, నేలకి 254, డేటా లేని చోటుకి 255. 252 వాడరు. ఇప్పుడు 254ను 250తో భాగించి చూడండి. 1.016 వస్తుంది. మీకు వచ్చిన 101.6 శాతం మంచు కాదండీ, నేల. పక్క గడుల్లో ఎక్కడో 101.2 కూడా కనపడే ఉంటుంది, అది తీరం.

పాత బైనరీ ఫైళ్ల రోజుల్లో ఈ భాగహారం మనమే చేసేవాళ్లం కాబట్టి చేసేటప్పుడైనా ఒకసారి చెయ్యి ఆగేది. ఇప్పుడు నెట్‌సీడీఎఫ్ అనే కొత్త రకం ఫైలు తెరవగానే పైథాన్ లైబ్రరీ 0.004 అనే స్కేల్ ఫ్యాక్టర్ (250తో భాగించడమే అది) చూసి తనే గుణించేస్తుంది. ఈ గుర్తు అంకెల్ని కూడా వదలదు. స్కేలింగ్ ఆపేసి ఫైలు తెరవండి. 250 దాటిన ప్రతి గడినీ ఖాళీ చేశాక అప్పుడు గుణించండి. ఈ తప్పు మీరొక్కరే చేయలేదు, నేనూ చేశాను. నా పట్టికలో ఒక ఖండం మొత్తం మంచు శాతంలో కలిసిపోయి సగటు ఎంత అందంగా వచ్చిందో!

ఇది సరిచేసుకున్నా మీ పోలిక అంత తేలిక కాదు. ఒక గడి అంటే సుమారు 625 చదరపు కిలోమీటర్లు. మీ గైడ్ గారు ఆగర్‌తో వేసిన రంధ్రం వెడల్పు రెండంగుళాలు. పైగా భారతి ఉన్నది లార్సెమన్ హిల్స్‌లో, సముద్రం ఒడ్డునే. మైక్రోవేవ్ సెన్సర్‌కి నేల కూడా దాదాపు మంచులాగే కనిపిస్తుంది కాబట్టి ఒడ్డు పక్క సముద్రపు గడుల్లోకి నేల సంకేతం చొరబడుతుంది. ఆ ఫైలు చెప్పేది మంచు ఎంత మేర పరుచుకుందన్నదే. మందం సంగతి దానికి తెలియదు. మందం కోసమైతే క్రయోశాట్-2, ఐస్‌శాట్-2 లాంటి ఎత్తు కొలిచే ఉపగ్రహాల వైపు వెళ్లాలి. అక్కడా తీరం దగ్గర తిప్పలు తప్పవు.

ఇక అసలు విషయం. మీ 101.6కి నేను ఒక్క నిమిషంలో జవాబు చెప్పగలిగానంటే నా గొప్పేమీ లేదు. 254 అంటే నేల అని ఎవరో కూర్చుని యూజర్ గైడులో రాసి పెట్టారు. ఆ డేటా వరస 1978 అక్టోబరులో నింబస్-7 ఉపగ్రహంతో మొదలైంది. ఆనాటి ఇంజినీర్లలో చాలామంది ఎప్పుడో రిటైరై ఉంటారు. అయినా వాళ్ల ఫైలు మనతో మాట్లాడుతోంది. ఇప్పుడు మీ 17 ఎక్సెల్ ఫైళ్లలో ఒకటి తెరిచి, కాలమ్ పేర్లు చూసి, గైడ్ గారికి ఫోన్ చేయకుండా అర్థం చెప్పగలరేమో మీరే ప్రయత్నించండి.

నా సొంత ఫైలుకే నేను చెప్పలేకపోయాను. దాదాపు ఇరవై ఏళ్లుగా ధ్రువ ప్రాంతాల డేటాతోనే బతుకుతున్నవాణ్ని. తొలి రోజుల్లో ఒక సంస్థలో పనిచేసేటప్పుడు సముద్రపు మంచు మీద తీసిన కొలతల్ని ఎక్సెల్‌లోకి ఎక్కించాను. చలికి పెన్ను సిరా గడ్డకడుతుంది కాబట్టి అక్కడ అందరూ పెన్సిల్‌తోనే రాస్తారు. ఆ పెన్సిల్ నోట్‌బుక్ పక్కన పెట్టుకుని వారం రోజులు టైప్ చేశాను. ఒక కాలమ్‌కి 'ఎస్' అని పేరు పెట్టాను. ఆ రోజు నాకది ఎంత స్పష్టంగా తెలుసో చెప్పలేను. ఆరేళ్ల తర్వాత ఒక విద్యార్థి మెయిల్ రాశాడు: "సార్, ఎస్ అంటే స్నో లోతా, శాలినిటీనా?" ఫైలు తెరిచాను. అంకెలన్నీ 2కీ 12కీ మధ్య ఉన్నాయి. సెంటీమీటర్లలో స్నో లోతుకి అది సరిపోతుంది. సముద్రపు మంచు లవణీయత కూడా సరిగ్గా ఆ మధ్యే తిరుగుతుంది. నోట్‌బుక్ కోసం వెతికితే, ఆఫీసు వేరే భవనానికి మారినప్పుడు పాత కాగితాలతో పాటు పోయిందన్నారు. ఆ కాలమ్ ఇప్పటికీ ఎందుకూ పనికిరాదు. అంత చలిలో ఒక మనిషి మోకాళ్ల మీద కూర్చుని తీసిన కొలతలవి.

కాబట్టి ఆర్కైవ్ చేయడమంటే ఫైలు ఎక్కడో అప్‌లోడ్ చేయడం అనుకోకండి. అది చివరి పది నిమిషాల పని. అసలు పని మీకు ముఖపరిచయం లేని, మీ గైడ్ గారికి ఫోన్ చేయలేని మనిషికి అర్థమయ్యేలా రాసిపెట్టడం. ఆ మనిషి మీ డేటాని దేనికి వాడతాడో కూడా మీరు ఊహించలేరు.

నింబస్-1 కథ చూడండి. 1964 ఆగస్టు 28న నాసా పంపిన వాతావరణ ఉపగ్రహం అది. మేఘాల ఫోటోలు తీయడం దాని పని. నెల కూడా నిండకుండానే పాడైంది. ఆ కాస్త కాలంలో పంపిన బొమ్మల్ని ఫిల్ము మీదకి ఎక్కించి డబ్బాల్లో పెట్టారు. దశాబ్దాల పాటు ఎవరికీ వాటితో పని పడలేదు. తర్వాత బౌల్డర్ వాళ్లు ఆ రీళ్లు తెప్పించి ఒక్కో ఫ్రేము స్కాన్ చేశారు. మేఘాలు రోజురోజుకీ చోటు మారుస్తాయి, మంచు అంత తొందరగా మారదు. అలా మేఘాన్ని పక్కకి తోసి అడుగునున్న మంచు అంచు పట్టుకున్నారు. 1964 సెప్టెంబరులో అంటార్కిటికా చుట్టూ సముద్రపు మంచు సుమారు 1.97 కోట్ల చదరపు కిలోమీటర్లు, ఆర్కిటిక్‌లో సుమారు 69 లక్షల చదరపు కిలోమీటర్లు ఉన్నట్టు లెక్క తేలింది. నమ్మకమైన ఉపగ్రహ లెక్క 1978 చివరి నుంచే ఉందనుకున్న మనకి పద్నాలుగేళ్ల వెనకటి చుక్క ఒకటి దొరికింది. మేఘాల కోసం తీసిన బొమ్మ మంచుకి సాక్ష్యమైంది. ఏ బొమ్మ ఎప్పుడు తీసిందో, ఉపగ్రహం అప్పుడు ఏ కక్ష్యలో ఉందో రాసి లేకపోతే ఆ డబ్బాల్లో ఉన్నది తెలుపు నలుపు మరకలే.

ఇలాంటిదే ఇంకోటి కేంబ్రిడ్జ్‌లో జరిగింది. 1970ల్లో విమానంలో రాడార్ పెట్టుకుని అంటార్కిటికా మంచు ఫలకం లోపలికి చూసిన రికార్డులు అక్కడ 35 మిల్లీమీటర్ల ఫిల్ము రీళ్లుగా ఉండిపోయాయి. స్టాన్‌ఫర్డ్ బృందం వెళ్లి వాటిని స్కాన్ చేసింది. కొత్త రాడార్ కొలతలతో పోల్చి 2019లో ఫలితం ప్రకటించారు. థ్వైట్స్ హిమానీనదం తూర్పు వైపు సముద్రం మీద తేలే మంచు పలక (ఐస్ షెల్ఫ్) 1978కీ 2009కీ మధ్య 10 నుంచి 33 శాతం పలచబడింది. ఆ రీళ్లు నింపినవాళ్లు తాము థ్వైట్స్ కరుగుదలకి మొదటి కొలత రాస్తున్నామని అనుకుని ఉండరు.

ఇప్పుడు మీ భయం. "మాకన్నా ముందే ఎవరైనా పేపర్ వేసుకోరా?" ఈ మాట నేను వినని సంవత్సరం లేదు. భయం ఉత్తదని అనను. ఏళ్ల తరబడి తిండీ నిద్రా మాని తెచ్చిన డేటా మీద ఇంకొకరి పేరు చూస్తే ఎవరికైనా కడుపు మండుతుంది. కానీ ముందు ఒకటి చెప్పాలి. అంటార్కిటికాలో తీసిన కొలత పూర్తిగా మన సొంత ఆస్తి అనుకోవడానికి లేదు. 1959 డిసెంబరు 1న సంతకాలైన అంటార్కిటిక్ ఒప్పందం మూడో అధికరణంలోనే ఉంది: అక్కడి శాస్త్రీయ పరిశీలనలు, ఫలితాలు ఇచ్చిపుచ్చుకోవాలి, అందరికీ స్వేచ్ఛగా అందుబాటులో ఉంచాలి. భారత్ 1983లో ఆ ఒప్పందంలో చేరింది. మీ గైడ్ గారు ఓడ ఎక్కడానికి చాలా ముందే ఆ మాట ఇచ్చేశాం.

ఆ ఒప్పందం ఎప్పటిదో గమనించారా? అమెరికా, సోవియట్ రష్యాలు ఒకరి మీద ఒకరు అణు క్షిపణులు ఎక్కుపెట్టుకుంటున్న రోజులవి. 1957-58లో అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరం జరిపినప్పుడు ప్రపంచ డేటా కేంద్రాలు పెట్టారు. ఒకటి అమెరికాలో, ఒకటి సోవియట్ యూనియన్‌లో, మరొకటి పశ్చిమ యూరప్, జపాన్ తదితర దేశాల మధ్య పంచి పెట్టారు. ఒకచోట తగలబడినా ఇంకోచోట నకలు ఉండాలన్నది లెక్క. హిమానీనదాల డేటాకి అమెరికా వైపు కేంద్రం మొదట న్యూయార్క్‌లో ఉండేది. తర్వాత టకోమాకి, 1976లో బౌల్డర్‌కి మారింది. 1982లో దానికే ఎన్‌ఎస్‌ఐడీసీ అని పేరొచ్చింది. మీరు ఫైలు దించుకున్న కేంద్రం పుట్టు పూర్వోత్తరాలు ఇవి.

నౌకాదళం కథ ఇంకా రుచిగా ఉంటుంది. ఆర్కిటిక్ మంచు కింద అమెరికా అణు జలాంతర్గాములు తిరిగేటప్పుడు పైకి చూసే సోనార్‌తో మంచు ఎంత లోతుకి దిగి ఉందో కొలిచేవి. ఎక్కడ మంచు పలచగా ఉంటే అక్కడ పైకి రావచ్చన్నది వాళ్ల అవసరం. ఆ డేటా దశాబ్దాల పాటు రహస్యం. 1990ల్లో బయటికి వదలడానికి ఒప్పుకున్నారు. కానీ జలాంతర్గామి ఏ రోజు ఎక్కడుందో బయటపడకూడదు కదా. అందుకని తేదీని నెలలో మూడో వంతు వరకే, చోటుని అక్షాంశ రేఖాంశాల్లో ఐదు నిమిషాల (డిగ్రీలో పన్నెండో వంతు) వరకే ఉంచి ప్రకటించారు. మంచు శాస్త్రానికి ఆ మాత్రం చాలు. 1999లో ఆ కొలతల మీద వచ్చిన పేపర్ వేసవి చివర మంచు లోతు సగటు సుమారు 3.1 మీటర్ల నుంచి 1990ల్లో 1.8 మీటర్లకి పడిపోయిందని తేల్చింది. అణు జలాంతర్గాముల వాళ్లే పంచుకునే దారి వెతుక్కున్నారంటే, మన ఆగర్ రంధ్రాలకి దొరకదా?

మీకున్న దారి పేరు ఎంబార్గో. డేటా ఇప్పుడే జమ చేస్తారు, డీఓఐ కేటాయిస్తారు, ఫైళ్లు మాత్రం మీరు చెప్పిన తేదీ వరకు తెరుచుకోవు. 2019-20లో పోలార్‌స్టెర్న్ ఓడని ఏడాది పాటు ఆర్కిటిక్ మంచులో కట్టేసి జరిపిన మోజాయిక్ యాత్ర వాళ్లు కూడా ఇదే చేశారు. కొంతకాలం బృందంలోని వాళ్లకే, 2023 జనవరి 1 నుంచి అందరికీ. మీ గైడ్ గారికి ఇది చూపించండి. "ఇప్పుడు పెడదాం సార్, తెరవడం ఏడాది తర్వాత" అంటే ఒప్పుకోని పెద్దమనిషిని నేను అరుదుగా చూశాను. తేదీ మాత్రం పక్కాగా రాయించుకోండి. "పేపర్ అయ్యాక" అంటే ఎప్పటికీ కాదు.

ఇంకో మాట. డేటాకి సీసీ బై లైసెన్స్ పెడితే వాడుకున్నవాళ్లు మీ పేరు చెప్పి తీరాలి. ముందు ఎవరు కొలిచారన్నదానికి డీఓఐ మీద ఉండే తేదీ కన్నా గట్టి సాక్ష్యం ఉండదు. పెన్‌డ్రైవ్‌లో దాచుకున్నదానికి ఆ సాక్ష్యం ఎక్కడుంది?

పంచుకోవడం వల్ల లాభం ఇంకో దిక్కు నుంచి కూడా వస్తుంది, తప్పులు దొరుకుతాయి. 2009 ఫిబ్రవరిలో ఎన్‌ఎస్‌ఐడీసీ రోజువారీ పటంలో మంచు ఉండాల్సిన చోట ఖాళీ సముద్రం కనిపించసాగింది. చూస్తున్న పాఠకులు మెయిళ్లు పెట్టారు. ఉపగ్రహం మీది సెన్సర్ మెల్లమెల్లగా దారి తప్పిందని, అప్పటికే మంచు లెక్క 5 లక్షల చదరపు కిలోమీటర్లు తక్కువ చూపుతోందని తేలింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ విస్తీర్ణానికి దాదాపు రెండింతలు! వాళ్లు ఆ సంగతి దాచలేదు. ఏం జరిగిందో రాసి, వేరే ఉపగ్రహానికి మారి, లెక్క సరిచేశారు. నా 'ఎస్' కాలమ్‌ని మొదటి నెలలోనే ఎవరైనా చూసి అడిగి ఉంటే, నోట్‌బుక్ అప్పుడు నా సొరుగులోనే ఉంది.

సరే, ఎక్కడ పెట్టాలి? గూగుల్ డ్రైవ్ వద్దు. యూనివర్సిటీ ఖాతా అయితే మీరు వెళ్లిపోయాక మూసేస్తారు, సొంత ఖాతా అయితే మీరు మర్చిపోతారు. ఫైలు మార్చినా ఎవరికీ తెలియదు. డీఓఐ అలా కాదు. ఫైలున్న చోటు మారినా ఆ సంఖ్య సరైన పేజీకే తీసుకెళుతుంది, మార్చితే కొత్త వెర్షన్ అని కనిపిస్తుంది.

భారత యాత్రలో తెచ్చిన డేటా కాబట్టి మొదట తట్టాల్సిన తలుపు గోవాలోని ఎన్‌సీపీఓఆర్ (జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రం). యాత్రలు నడిపేది వాళ్లే, జాతీయ ధ్రువ డేటా కేంద్రం అక్కడే ఉంది. కనీసం మెటాడేటా (ఏం కొలిచారు, ఎక్కడ, ఎప్పుడు అన్న వివరాలు) అక్కడ నమోదు కావాలి. జర్నల్ గడువు దగ్గర పడి వెంటనే డీఓఐ కావాలంటే జెనోడో అనే డేటా వెబ్‌సైటు ఉంది. యూరప్ భౌతికశాస్త్ర సంస్థ సెర్న్ వాళ్లది, ఉచితం, నిమిషాల్లో ఇచ్చేస్తుంది. కానీ అక్కడ మీ ఫైల్ని ఎవరూ తెరిచి చూడరు. చెత్త పెట్టినా డీఓఐ వస్తుంది. నన్నడిగితే తీరిక ఉన్నవాళ్లకి జర్మనీలోని పాంగేయా డేటా భాండాగారం. అక్కడి సంపాదకులు ప్రతి కాలమ్‌కీ ప్రమాణం ఏంటి, పద్ధతి ఏంటి అని ప్రాణం తీస్తారు. విసుగొస్తుంది. ఆ విసుగే మీ డేటాని బతికిస్తుంది. రెండు చోట్ల పెడితే తప్పు లేదు, కానీ రెండు డీఓఐలు సృష్టించకండి. ఒకటి అసలుదిగా ఉంచి రెండోచోట దాని లింకు ఇవ్వండి.

ఇప్పుడు ఆ 17 ఫైళ్లు. ఎక్సెల్‌లోంచి సీఎస్‌వీకి (ఏ ప్రోగ్రాంలోనైనా తెరుచుకునే సాదా పట్టిక ఫైలు) మార్చండి. మార్చేముందు తేదీల కాలమ్ చూడండి. 03-04-2019 మార్చి నాలుగా, ఏప్రిల్ మూడా? ఒక్కో కంప్యూటర్‌లో ఎక్సెల్ ఒక్కోలా అర్థం చేసుకుంటుంది. రోజు 12 దాటిన తేదీలు మాత్రం మాటలుగా మిగిలిపోతాయి. ఒకే కాలమ్‌లో కొన్ని కుడికి, కొన్ని ఎడమకి జరిగి కనపడితే అదే గొడవ. అన్నిటినీ ముందు సంవత్సరం, తర్వాత నెల, తర్వాత రోజు వచ్చేలా రాయండి. సమయం స్టేషన్ గడియారమా, మన భారత కాలమానమా, యూటీసీనా (ప్రపంచ ప్రామాణిక సమయం) అన్నది గైడ్ గారిని అడగాల్సిందే. ఊహించి రాయకండి.

తర్వాత కాలమ్ పేర్లు. వాటి అర్థాలు చెప్పే రీడ్‌మీ ఫైలు ఇంగ్లీషులోనే రాయండి, చదివేవాడు నార్వేలోని ట్రోమ్సోలో ఉండొచ్చు. నమూనా కోసం ఇక్కడ తెలుగులో చూపిస్తాను. మీ ఫైల్లో 'థిక్' అని ఉండొచ్చు. దాని బదులు ఇలా:

"మంచు మందం: సముద్రపు మంచు మందం, సెంటీమీటర్లలో, పైనున్న స్నో కలపకుండా. రెండంగుళాల ఆగర్‌తో రంధ్రం వేసి, కింది అంచుకి తగులుకునే బరువు కట్టిన టేపుతో కొలిచింది. ఒక్కో చోట ఒక్క రంధ్రం. కొలవని చోట -999. సున్నా అంటే అక్కడ మంచు లేదు."

'స్నో కలపకుండా' అన్న రెండు మాటలు ఎందుకంటారా? మనకి రెండూ మంచే. తెలుగులో మాట్లాడుకుంటూ నోట్స్ రాసుకున్న జట్టు అయితే "మంచు 140" అని రాసి ఉండొచ్చు. అందులో స్నో ఎంత, ఐస్ ఎంత? ఐస్ సాంద్రత ఘనపు మీటరుకి సుమారు 900 కిలోలు. గాలికి గట్టిపడిన స్నో మూడు నాలుగు వందలు. ఈ రెండూ కలిసిపోతే ఉపగ్రహం కొలిచిన ఎత్తు నుంచి మందం తీసే లెక్క మొత్తం తలకిందులవుతుంది. తెలుగు నోట్స్ ఉంటే ప్రతి 'మంచు' దగ్గరా ఆగి ఏ మంచో తేల్చండి.

ఫ్రీబోర్డ్ కాలమ్ ఉంటే ఇంకో జాగ్రత్త. నీటి మట్టానికి మంచు పైఅంచు ఎంత ఎత్తులో ఉందన్నది ఫ్రీబోర్డ్. అంటార్కిటికాలో స్నో బరువుకి మంచు నీళ్లలోకి కుంగి ఈ అంకె మైనస్‌లోకి వెళ్లడం మామూలే. "మైనస్ ఎలా వస్తుంది, తప్పయ్యుంటుంది" అని ఎవరో బుద్ధిమంతుడు అవన్నీ తీసేసిన ఫైలు నేను చూశాను. మీరలా శుభ్రం చేయకండి. కొలత లేదని చెప్పడానికి -9 లాంటి చిన్న అంకె కూడా వాడకండి, అది నిజం కొలతే కావచ్చు.

లవణీయత దగ్గర, ముక్క ఎంత పొడవుది, కరిగించి కొలిచారా, ఏ మీటరుతో కొలిచారు అన్నవి ఉండాలి. కోర్ (మంచులోంచి నిలువుగా కోసి తీసిన కడ్డీ) పైకి తీసేటప్పుడు ఉప్పునీరు కారిపోతుందని అందరికీ తెలుసు. ఎంత సేపు బయట ఉంచారో రాసి ఉంటే చదివేవాడు తన లెక్క తను వేసుకుంటాడు.

ఆ కోర్ ముక్కలు ఇంకా ఏ ఫ్రీజర్‌లోనైనా ఉంటే వాటి నంబర్లు కూడా డేటాలో పెట్టండి. ఫ్రీజర్‌ని మాత్రం నమ్ముకోకండి. 2017 ఏప్రిల్‌లో ఎడ్మంటన్‌లోని ఆల్బర్టా విశ్వవిద్యాలయంలో శీతల గది యంత్రం చెడి, లోపల వేడి 40 డిగ్రీలకి చేరింది. అక్కడున్న కెనడా ఆర్కిటిక్ ఐస్ కోర్‌లలో దాదాపు 13 శాతం నీళ్లయిపోయాయి. వాటి మీద తీసి రాసిపెట్టిన కొలతలే మిగిలాయి.

ఉపగ్రహ డేటా వాడారు కదా, దాని పేరు, వెర్షన్, మీరు దించుకున్న తేదీ కూడా రాయండి. ఎందుకంటే ఆ వరస కూడా ఒక్క ముక్కగా లేదు. నింబస్-7 సెన్సర్ 1987 ఆగస్టు 20తో ఆగింది. కొత్త సెన్సర్ జూలైలో మొదలైంది. రెండూ కలిసి పనిచేసిన ఆరు వారాలే పాత లెక్కనీ కొత్త లెక్కనీ కలిపే ముడి. 1987 డిసెంబరు మొదటి నుంచి 1988 జనవరి 13 వరకు అసలు డేటానే లేదు. మీ గ్రాఫ్‌లో ఆ చోట గీత కలిపేశారేమో చూసుకోండి. ఉత్తరం వైపు పనిచేసేవాళ్లకి ఇంకో మెలిక ఉంది. మొదటి సెన్సర్‌కి 84.5 డిగ్రీలకి పైన కనపడేది కాదు, తర్వాతిదానికి 87.2కి పైన, ఆ తర్వాత వచ్చినదానికి దాదాపు 89.2కి పైన. ఖాళీ చిన్నదవుతున్న కొద్దీ వైశాల్యం లెక్క దానంతటదే పెరుగుతుంది. కొత్తగా మంచు పుట్టిందనుకుంటే అంతే సంగతులు.

ఆ వరస ఎప్పటికీ వస్తుందన్న హామీ కూడా లేదు. సెన్సర్లున్నవి అమెరికా రక్షణ శాఖ ఉపగ్రహాల మీద. 2025 జూన్‌లో ఆ డేటా ఇక పంచబోమని ప్రకటించారు. గడువు జూలై నెలాఖరుకి జరిపారు. తర్వాత ఆపడం లేదన్నారు. ఆ నెల రోజులూ జపాన్ వాళ్ల ఏఎంఎస్‌ఆర్2 సెన్సర్‌కి మారడానికి జరిగిన ఉరుకులు పరుగులు ఈ రంగంలో ఉన్నవాళ్లకే తెలుసు. నకలు ఒక్క దేశంలోనే ఉండకూడదని 1957లో అనుకున్నవాళ్లు వెర్రివాళ్లు కారు.

మన వైపు సంగతి ఒకటి చెప్పి ఆపుతాను. భారతి స్టేషన్‌లో ఎన్‌ఆర్‌ఎస్‌సీ (ఇస్రోకి చెందిన జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం) వాళ్ల గ్రౌండ్ స్టేషన్ ఉంది. ధ్రువాల మీదుగా తిరిగే మన ఉపగ్రహాలు రోజుకి చాలాసార్లు దాని తల మీదుగా పోతాయి. అక్కడ దించుకున్న డేటా సమాచార ఉపగ్రహం మీదుగా హైదరాబాద్ పక్కన షాద్‌నగర్‌కి చేరుతుంది. మీ గైడ్ గారు మంచు మీద రంధ్రాలు వేసిన రోజుల్లో ఆ చోటు మీదుగా వెళ్లిన మన ఉపగ్రహాల దృశ్యాలు ఏమున్నాయో ఎన్‌ఆర్‌ఎస్‌సీని అడగండి. 25 కిలోమీటర్ల గడి కన్నా అవి మీకు బాగా పనికొస్తాయి.

వరస ఇది. ఈ రాత్రే మీ గైడ్ గారి యాత్ర నోట్‌బుక్‌లోని ప్రతి పేజీ, ఖాళీ పేజీలతో సహా, ఫోటో తీసి రెండు చోట్ల పెట్టండి. ఆ ఫోటోలు కూడా డేటాతో పాటు జమ చేయాల్సినవే. రేపు గైడ్ గారితో గంట సేపు కూర్చుని 17 ఫైళ్లలో ప్రతి కాలమ్‌కీ అర్థం రాయించుకోండి. ఆయనకి గుర్తులేనివి "తెలియదు" అనే రాయండి, ఊహ రాయకండి. తర్వాతే సీఎస్‌వీ, రీడ్‌మీ, ఎంబార్గో తేదీ, అప్‌లోడ్. జర్నల్‌కి "డేటా జమ చేశాం, డీఓఐ ఇది, ఫలానా తేదీకి తెరుచుకుంటుంది" అని రాస్తే చాలామంది సంపాదకులు ఒప్పుకుంటారు.

స్కేలింగ్ ఆపి తెరిచాక మీ చోటు చుట్టూ ఉన్న తొమ్మిది గడుల అంకెలు ఇక్కడ పెట్టండి. వాటిలో 250 లోపు ఉన్నవి ఎన్నో, వాడదగ్గవి ఏవో చూసి చెబుతాను.